స్లాగు రాళ్ళలో ముప్పై ఎనిమిది ఆర్కిడ్లు

ఆర్కిడ్‌కి ఏ మట్టి వేయాలని అడిగిన వాళ్ళందరికీ ముప్పై ఏళ్ళకి పైగా నేను ఒకే జవాబు చెప్పాను. మట్టి వద్దు. ఆ మాట వినగానే వాళ్ళ ముఖాల్లో కనిపించే అనుమానం కూడా ప్రతిసారీ ఒకటే. మట్టి లేకుండా మొక్క ఎలా బతుకుతుంది, ఈవిడ ఏదో సంచీ అంటగట్టడానికి చూస్తోంది అనుకునేవారు. అప్పుడు కుండీలోంచి ఒక వేరు పైకి తీసి చూపించేదాన్ని. లావుగా, పొడిగా ఉన్నప్పుడు వెండిలా తెల్లగా, తడిస్తే ఆకుపచ్చగా ఉండే వేరు. "దీనికి నీళ్ళెంత కావాలో గాలి కూడా అంతే కావాలండి. మట్టిలో పూడిస్తే ఊపిరాడక కుళ్ళిపోతుంది" అనేదాన్ని. సగంమంది నమ్మేవారు. మిగతావాళ్ళు ఇంటికెళ్ళి తులసికోటలోని మట్టే వేసి, రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చేవారు.

నర్సరీల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. బొగ్గు ఎంత, ఇటుక ఎంత, కొబ్బరి పీచు ఎంత అని లెక్క అడుగుతారు. నా దగ్గర అలాంటి లెక్క లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నేను నర్సరీ పని మానేయడానికి నాలుగేళ్ళ ముందు చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. బాగా చేసిన పనుల గురించి కూడా రాయొచ్చు గాని, వాటివల్ల మీకు నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో ఫర్నెస్ దగ్గర పనిచేశాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను. పెళ్ళయ్యాక మరోదా వైపు రోడ్డు మీదున్న ఒక నర్సరీలో మొక్కలకి పేర్ల చీటీలు రాసే పనికి చేరి, చివరికి ఇన్‌చార్జి అయ్యాను. నర్సరీ పెట్టిన పెద్దాయనది కూడా మా వైపే. ఆయన పోయాక కొడుకు చూసుకునేవాడు. చిన్నప్పుడు కుండీల మధ్య సైకిల్ తొక్కి నాచేత తిట్లు తిన్నవాడు మా యజమాని అయ్యాడు. నన్ను అక్కా అనేవాడు. నేను బాబూ అంటూనే మీరు అనేదాన్ని.

నాకంటే ముందు నుంచీ అక్కడ కుండీలు నింపే ఒకావిడ ఉండేది. ఛత్తీస్‌గఢీ ఆవిడ. ఇక్కడివాళ్ళు పెద్దావిడని దాయి అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. చదువు లేదు. కుండీని ఒకసారి చేత్తో ఎత్తి, బరువు చూసి, నీళ్ళు కావాలో అక్కర్లేదో చెప్పేసేది. నేను తలూపి, నా వేలు పెట్టి మళ్ళీ చూసుకునేదాన్ని. ఆవిడ చెప్పిందే నిజమయ్యేది.

మా ఊళ్ళో ఆర్కిడ్ పెంచడం కష్టమే. ఎండాకాలంలో గాలి పొయ్యి మీంచి వచ్చినట్టు వస్తుంది. ఇటుక ముక్కలూ బొగ్గూ వేసిన కుండీ ఉదయం తడిపితే మధ్యాహ్నానికి ఎండిపోతుంది. వానాకాలంలో వారాల తరబడి ముసురు. అప్పుడు కొబ్బరి పీచు ముక్కలు నీళ్ళు పట్టుకుని వదలవు, వేర్లు మెత్తబడి పోతాయి. పైన్ చెట్టు బెరడు బాగుంటుంది గాని దూరం నుంచి రావాలి. ఒకసారి వస్తే ఆరు నెలలు రాదు. ఎండకి ఎండకుండా, వానకి కుళ్ళకుండా, మన ఊళ్ళోనే దొరికే సరుకు ఏదైనా కనిపెట్టాలని నాకు పట్టుదల. అందులో కాస్త పేరు రావాలన్న ఆశ కూడా ఉంది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ చలికాలం రోడ్డు పని కోసం మా నర్సరీ ఎదుట స్లాగు పోశారు. ఇనుము కరిగినప్పుడు పైన తేలే తెట్టు చల్లారి గట్టిపడితే వచ్చే రాయి అది. ఒక ముక్క తీసి చూస్తే ఒళ్ళంతా చిల్లులు, దోసె మీద వచ్చినట్టు. పగలగొడితే లోపల కూడా చిల్లులే. నీళ్ళలో ముంచి తీస్తే తడి పట్టుకుంది, పైన నీళ్ళు నిలవలేదు. కుళ్ళదు, పురుగు పట్టదు. ఇన్నేళ్ళూ కళ్ళముందు పెట్టుకుని ఊరంతా వెతికానా అనిపించింది. పనివాళ్ళని అడిగి రెండు తట్టలు తెచ్చుకున్నాను. కడుగుతుంటే అగ్గిపుల్ల గీసినప్పటి వాసన వచ్చింది. దాయి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఊరికే అమ్మేయలేదు. పరీక్ష చేశాను. డెండ్రోబియం అనే జాతి ఆర్కిడ్లు రెండింటిని ఆ రాళ్ళలో పెట్టి మూడు నెలలు చూశాను. ఒక్క ఆకు వాడలేదు. నా పరీక్షలో ఉన్న లోటు అప్పుడు నాకు తట్టలేదు. చలికాలంలో ఆ జాతి మొక్క నిద్రపోతుంది. నీళ్ళు పెద్దగా తాగదు, వేరు అంతగా ఎదగదు, తన కాడల్లో దాచుకున్న దానితో నెట్టుకొస్తుంది. పడుకున్న మనిషి పక్కన విషం గిన్నె పెట్టి, ఏమీ కాలేదు కదా అనుకున్నట్టయింది నా పని.

దాయి మాత్రం ఒకరోజు ఆ కుండీల్లో ఒకటి ఒంచి చూసింది.

"నోనీ, జర్ హ పథరా లా నఇ ధరత్ హే" అంది. వేరు రాయిని పట్టుకోవడం లేదమ్మాయీ అని.

"కొత్త రాయి కదా దాయీ, పడుతుంది" అన్నాను.

"ఇటుకనైతే నెలకే పట్టుకుంటుంది" అంది హిందీలో. నేను పేర్ల చీటీలు రాసుకుంటూ ఉన్నాను. తలెత్తలేదు.

ఫాల్గుణంలో కుండీలు మార్చే రోజులొచ్చాయి. ముప్పై ఎనిమిది మొక్కలు స్లాగులో పెట్టాను. కొన్ని మేం అమ్మినవి, కొన్ని జనం తమ మొక్కలు తెచ్చి మార్చమన్నవి. ఆ తెచ్చినవాళ్ళలో సెక్టార్ క్వార్టర్స్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ భర్త ప్లాంటు లేబరేటరీలో పనిచేసి రిటైరయ్యాడు. పిన్నిగారూ, బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ తెచ్చిన డెండ్రోబియం ఎప్పుడో విశాఖపట్నం నుంచి రైల్లో, తడి తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నది. ఊదారంగు పూలు. అంత గుబురైన మొక్క మా నర్సరీలో కూడా లేదు.

"పాత పెంకుముక్కలే మళ్ళీ ఎయ్యమ్మా. దానికి అలవాటు" అంది పిన్నిగారు.

"ఇంతకంటే మంచిది దొరికిందండి. మీరే చూస్తారుగా" అన్నాను.

"పెద్ద మొక్క. నాకు బెంగగా ఉన్నాది."

"పూచీ నాది" అన్నాను.

చైత్రం దాటుతుండగా మొదటి ఫోన్ వచ్చింది. ఆకులు ముడతలు పడుతున్నాయని. ఎండలు ముదిరాయి కదా, నీళ్ళు రోజుకి రెండుసార్లు పొయ్యండి అన్నాను. రెండో ఫోన్‌కీ అదే చెప్పాను. మూడో ఫోన్‌కి కూడా. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి ఇదొక జబ్బు. జవాబు నోట్లో సిద్ధంగా ఉంటుంది, ప్రశ్న పూర్తిగా వినం.

నాలుగో ఫోన్ బాబాయిగారిది. "ఒకసారి ఇంటికి రామ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే ఆ సాయంత్రమే వెళ్ళాను.

వెనక వరండాలో మొక్క పందిరి కర్రకి వేలాడుతోంది. కాడలన్నీ ఎండిన బెండకాయల్లా ముడుచుకుపోయాయి. పిన్నిగారు స్తంభానికి ఆనుకుని నిలబడింది. కూర్చోమనలేదు.

"నీళ్ళు తక్కువయ్యాయేమో పిన్నిగారూ" అన్నాను. అప్పటికీ అదే మాట.

"పొద్దున్నా సాయంత్రమూ పోస్తన్నాను. నువ్వు చెప్పేవు గదా. కింద పళ్ళెంలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, సూడు."

బాబాయిగారు కుండీలోంచి ఒక రాయి తీసి కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు. "ఇదేటమ్మా?"

"స్లాగండి."

ఆయన ఆ రాయిని అటూ ఇటూ తిప్పారు. ఇక దాని గురించి నన్నేమీ అడగలేదు. "కాస్త పసుపు పట్రా" అన్నారు భార్యతో.

ఆవిడ వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చింది. ఆయన రెండు సాసర్లు తెచ్చి, ఒకదాన్లో కుళాయి నీళ్ళు, ఒకదాన్లో కుండీ కింది పళ్ళెంలోని నీళ్ళు పోశారు. రెండింట్లోనూ చిటికెడు పసుపు వేసి వేలితో కలిపారు. కుళాయి నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. రెండో సాసరు చూస్తూండగానే ఎర్రబడింది.

మన ఆడవాళ్ళకి ఆ ఎరుపు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. పెళ్ళికి కాళ్ళకి పెట్టేది అదే. పసుపులో సున్నం కలిస్తే వచ్చే రంగు.

"ఫర్నెస్‌లో సున్నపురాయి ఎయ్యకపోతే ఇనుము రాదమ్మా. ఆ సున్నమంతా చివరికి పోయీది ఇందులోకే" అన్నారు బాబాయిగారు. "మీ నాన్న ఉంటే అడిగినా చెప్పీవోడు. ఈ ఊళ్ళో ఏ ఇంటి తలుపు కొట్టి అడిగినా చెప్దురు."

పిన్నిగారు సాసరు వైపే చూస్తోంది. "నా మొక్కకి పారాణి పెట్టీసేవే అమ్మాయీ" అంది.

కుండీ కిందికి దించి, వరండాలో కూర్చుని రాళ్ళు ఒక్కొక్కటీ తీశాను. వేర్ల కొసలు నల్లగా, కాల్చినట్టున్నాయి. ఒక్క వేరు కూడా రాయిని అంటుకుని లేదు. వేళ్ళతో లాగితే పై పొర తొడుగులా ఊడి, లోపల దారం మిగిలింది. నీళ్ళు ఎంత ఎక్కువ పోస్తే అంత సున్నం కిందికి దిగింది. పొయ్యమన్నది నేను.

ఉన్న వేర్లన్నీ కోసేశాను. కాడలు బతికున్నట్టే ఉన్నాయి, లోపల పచ్చ ఉంది. "ఏటి చేస్తావు ఇప్పుడు?" అంది పిన్నిగారు. నీడలో, తడి ఇటుక మీద పడుకోబెట్టి చూద్దామన్నాను. "చూద్దాం అంటే?" అంది. బతుకుతుందని చెప్పలేనన్నాను. ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి నిజమైన మాట అదేనేమో.

మర్నాడు పొద్దున్నే యజమానితో మాట్లాడాను. అంతా విన్నాడు. తల పట్టుకున్నాడు.

"ఎండకి పోయాయని చెప్పీయక్కా. నిజంగానే ఎండలు కదా. ఎవరికేం తెలుస్తాది?"

"ఆ ఇళ్ళన్నింట్లో ఇంకా నీళ్ళు పోస్తున్నారు బాబూ. రోజుకి రెండుసార్లు. నేనే పొయ్యమన్నాను."

"పోతే కొత్త మొక్కలిద్దాం. నువ్వెళ్ళి మేమే చంపేం అంటే నర్సరీ పేరు ఏమవుద్ది?"

"‘మేము’ అనను. ‘నేను’ అంటాను."

"రెండూ ఒకటే అక్కా."

ఒకటేనని నాకూ తెలుసు. వాళ్ళ నాన్న పెట్టిన నర్సరీ. అతనికి భయం ఉండటంలో తప్పులేదు. అయినా లేవలేదు. "మీరు వద్దంటే సెలవు పెట్టి వెళ్తాను" అన్నాను. "నాలుగు రోజులు. ఆదివారం మాత్రం షాపులో ఉండాలి" అన్నాడు. వెళ్ళబోతుంటే, "ఇటుకలు వెనక షెడ్డులో ఉన్నాయి, బాగా కాలినవి తీసుకో" అన్నాడు.

ఆరోజంతా సరుకు తయారు చేసుకున్నాం. ఇటుకని రేగిపండంత ముక్కలు కొట్టడం, పొడి రాలిపోయేదాకా కడగడం, బొగ్గు కడగడం. కొబ్బరి పీచు ముక్కలు అప్పటికే వారం నుంచి తొట్టెలో నానుతున్నాయి, రోజూ నీళ్ళు మార్చినవి. పీచులో ఉప్పుంటుంది, నానబెట్టకుండా వేస్తే అది కూడా వేరుని కాలుస్తుంది. దాయి సుత్తి పట్టుకుని ఇటుకలు కొడుతూ ఉంది. నేను చెప్పాను, నువ్వు ముందే అన్నావు, నేను వినలేదు అని. ఆవిడ సుత్తి ఆపలేదు. "రేపు ఎన్నింటికి బయల్దేరాలి?" అంది.

నా స్కూటీ మీద వెనక దాయి, మధ్యలో గోతాం. ఫోన్ నంబర్లున్న వాళ్ళకి ముందే చెప్పాను. లేనివాళ్ళని ఇళ్ళు వెతుక్కుంటూ పోయాం. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పాను. మీ మొక్కకి నేను వేసిన రాయి మంచిది కాదు, తప్పు నాది, ఇప్పుడే మారుస్తాను.

నోరు విప్పడం మొదటి ఇంట్లోనే కష్టం, తర్వాత అలవాటవుతుందనుకున్నాను. అవలేదు. పవర్ హౌస్ బజారులో బట్టల దుకాణం వాళ్ళింట్లో, మొక్క బాగానే ఉంది కదా, ఆకులు పచ్చగా ఉన్నాయి, ముట్టుకోవద్దన్నారు. కుండీ ఒంచి నల్లబడ్డ వేరు చూపించేసరికి అరగంట పట్టింది. జాముల్ పేటలో ఒకింటి కోడలు తలుపు దగ్గరే నిలబెట్టింది. ఆ పిల్ల మొదటిసారి కొనుక్కున్న మొక్క అది. "దీదీ, ఆప్‌నే హీ తో దియా థా" అంది. మీరే కదా ఇచ్చారు అని. ఎండిన మొక్క ఉన్న కుండీ చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నేను దారంతా దాయి ఒళ్ళో ఉన్న దాన్ని స్కూటీ అద్దంలో చూస్తూ వచ్చాను.

కాని ఆ నాలుగు రోజుల్లో నేను ముప్పై ఏళ్ళుగా చూడనిది చూశాను. నేను పెట్టిన మొక్కలు ఎక్కడ వేలాడుతున్నాయో చూశాను. ఒక ఇంట్లో కిటికీ ఊచకి, మధ్యాహ్నపు ఎండ సూటిగా. ఒక ఇంట్లో బాత్రూం పక్కన, ఎప్పుడూ చెమ్మ. ఒకాయన రోజూ స్నానం చేసి సూర్యుడికి నీళ్ళు వదిలి, మిగిలిన చెంబెడూ మొక్కకి పోసేవాడు, వానొచ్చినా సరే. ఒకావిడ వారానికోసారి గుర్తొచ్చినప్పుడు. వీళ్ళందరికీ నేను ఒకే సంచీ నింపి ఇచ్చేదాన్ని.

అప్పుడు మొదలుపెట్టాను అడగడం. ఎండ ఎప్పుడొస్తుంది, నీళ్ళు ఎవరు పోస్తారు, ఎప్పుడెప్పుడు పోస్తారు. నీళ్ళు పొయ్యకుండా చెయ్యి ఊరుకోని వాళ్ళకి ఇటుకా బొగ్గూ ఎక్కువ, వైపులా చిల్లులున్న మట్టికుండీ. మర్చిపోయే వాళ్ళకి పీచు ముక్కలు ఎక్కువ, ప్లాస్టిక్ కుండీ. చెమ్మ చోటికి పీచు అసలు లేకుండా. దాయి వింటూ, నేను చెప్పకముందే గోతాంలోంచి గుప్పెళ్ళు తీసేది. ఆవిడ గుప్పెడు నా గుప్పెడు కంటే సరిగ్గా ఉండేది.

నలుగురి ఇళ్ళు ఎంత వెతికినా దొరకలేదు. ఆ నాలుగు మొక్కలూ ఏమయ్యాయో నాకు తెలియదు, ఇప్పటికీ అడపాదడపా గుర్తొస్తాయి. దొరికిన వాటిలో సగానికి పైగా వానలు పడేలోపు పోయాయి. మొక్క పోయిన వాళ్ళందరికీ యజమాని కొత్త మొక్కలు ఇచ్చాడు, నేను అడగకుండానే. జాముల్ అమ్మాయికి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. తీసుకుంది. కుండీలో ఏముందో చేత్తో కెలికి చూసుకుని మరీ తీసుకుంది. నాకు అది నచ్చింది.

నర్సరీ పేరు పోలేదు, పెరగనూ లేదు. కొందరు రావడం మానేశారు. కొందరు మొక్క కొనేటప్పుడు "రాయి ఏదీ లేదు కదా దీదీ?" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కొంచెం ఆలస్యంగా.

పిన్నిగారి మొక్క సంగతి వేరు. వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. ఆవిడ తలుపు తీసేది, మాట్లాడేది కాదు. బాబాయిగారే టీ తెచ్చిచ్చేవారు. నేను కాడల్ని తిప్పి చూసి, తడి సరిచేసి వచ్చేసేదాన్ని. జ్యేష్ఠంలో మూడు కాడలు పోయాయి. ఆషాఢంలో ఇంకో రెండు. ఇంక రావద్దులే అంటుందేమోనని ప్రతిసారీ అనుకునేదాన్ని. అనలేదు గాని, రమ్మని కూడా అనలేదు.

వానలు బాగా పట్టాక ఒకరోజు వెళ్తే పిన్నిగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. వరండాలోకి నడిచి, ఒక కాడ కణుపు దగ్గర వేలు పెట్టి చూపించింది. గోరంత పచ్చటి మొలక. దాని కింద రెండు చిన్న వేర్లు, కొసలు గాజులా మెరుస్తూ.

"నాలుగు రోజులైంది. నీకు చెప్పలేదు. నిలుస్తాదో లేదోనని" అంది.

వేర్లు వేలెడు పొడవయ్యేదాకా ఆగి, ఆ పిల్లమొక్కని వేరుచేసి చిన్న కుండీలో పెట్టాను. ఏది వేయాలో ఈసారి ఆవిడే చెప్పింది. పెంకుముక్కలు. అవి కూడా ఆవిడే కొట్టి, కడిగి, ఎండబెట్టి ఉంచింది. నేను నోరెత్తకుండా అవే వేశాను.

నాలుగేళ్ళ తర్వాత, నేను పని మానేసే వారం పిన్నిగారు ఆటోలో నర్సరీకి వచ్చింది. ఒళ్ళో ఆ మొక్క. కుండీ అంచులు దాటి నిండుగా ఉంది, రెండు కాడలకి పూల గుత్తులు వచ్చి రాలిన గుర్తులున్నాయి. ఆవిడ మోకాళ్ళ నొప్పితో మెల్లగా దిగి, కుండీ నా బల్ల మీద పెట్టింది.

"ఇరుకైపోనాది. నువ్వు ఎళ్ళిపోకముందు నీ చేత్తోనే మార్చు" అంది.

"పెంకుముక్కలు తెచ్చారా పిన్నిగారూ?"

"తేలేదు. నీకేది బాగుంటాదంటే అది ఎయ్యి. నన్నడగొద్దు."

దాయి పక్క బల్ల దగ్గర చెయ్యి ఆపి నా వైపు చూసింది. నేను కుండీ దగ్గరికి లాక్కున్నాను.

"ఇప్పుడు నీళ్ళు ఎవరు పోస్తున్నారండి?"

"మోకాళ్ళతో నేను వరండా మెట్టు దిగలేకపోతన్నాను. మీ బాబాయిగారే."

"రోజూ పోస్తారా?"

"ఆయనా? పేపరు చదవడం అయితే పోస్తారు. లేకపోతే మరి లేదు."

ఇటుక తట్ట పక్కకి జరిపి, నానిన కొబ్బరి పీచు ముక్కలు దోసిలి నిండా తీసుకున్నాను.